శివుడాజ్ఞ, చీమలపుట్ట

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదని లోకమంతా అంటుంది. మా అమ్మ ఆ సామెతను తన సంసారానికి తగినట్టు సవరించుకుంది. "ఈ ఇంట్లో మీ నాన్నగారి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు" అనేది. అందులో ఫిర్యాదు పాలెంతో, మురిపెం పాలెంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నాన్నగారు ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన రోజున తోటి ఉపాధ్యాయులు శాలువాతో పాటు, బల్లమీద పెట్టి అరచేత్తో కొట్టే ఇత్తడి గంట ఒకటి కానుకగా ఇచ్చారు. ఇచ్చినవారి ఉద్దేశం పరిహాసమో గౌరవమో గాని, నాన్నగారు దానిని గౌరవంగానే స్వీకరించి, తెనాలిలో మా ఇంటి వసారాలో పడకకుర్చీ పక్కన ముక్కాలి పీట మీద ప్రతిష్ఠించారు. ఒకసారి మోగితే కాఫీ. రెండుసార్లు మోగితే అమ్మ. మూడుసార్లు మోగితే ఇంట్లో ఉన్నవారందరూ.

చీమ అనగానే మనలో చాలామందికి రాజుగారి ఏడుగురు కొడుకుల కథ గుర్తుకువస్తుంది. ఎండని చేప గడ్డిమోపును నిందిస్తుంది, గడ్డిమోపు ఆవును, ఆవు పాలేరును... అలా నేరం చేతులు మారుతూ మారుతూ చీమ దగ్గరకు వచ్చి ఆగుతుంది. ఆ కథలో ఇంకొకరి మీదికి నెట్టకుండా తన పనికి తానే కారణం చెప్పుకొన్న ప్రాణి చీమ ఒక్కటే. చిన్నప్పుడు నవ్వుకొని వదిలేసిన ఈ సంగతి, నడివయసులో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చొని ఒక పుస్తకం చదువుతుండగా మళ్ళీ తట్టింది. ఈ నాలుగు మాటలూ ఆ పుస్తకం గురించి, ఆ వరండా గురించి.

పుస్తకం నేను వెతికి కొన్నది కాదు. ఒక ఆదివారం అబిడ్స్‌లో పేవ్‌మెంట్ మీద పరిచిన పాతపుస్తకాల మధ్య దొరికింది. పేరు 'యాంట్స్ ఎట్ వర్క్'. 1999లో అచ్చయింది. రచయిత్రి డెబొరా గోర్డన్, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర ఆచార్యురాలు. హైదరాబాదులో నా ఉద్యోగం నలుగురిచేత పని చేయించడం. ఎవరు, ఏ పని, ఏ తేదీకి పూర్తి చేయాలో గళ్ళు గీసి పంచడమే నా వృత్తి. పేరు చూసి, చీమల క్రమశిక్షణ గురించి కార్యాలయంలో చెప్పుకోవడానికి నాలుగు ముచ్చట్లు దొరుకుతాయన్న స్వార్థంతోనే కొన్నాను. కొన్న పుస్తకం అలమరలో ఏడాదిపాటు పడి ఉంది.

2014 వేసవిలో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేర్చారని తెలిసి నేను బయలుదేరుతూ, బస్సులో చదువుకోవడానికి చేతికందిన పుస్తకాన్ని సంచిలో వేసుకున్నాను. అది ఇదే.

గోర్డన్ పరిశోధన చేసే చోటు అరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల సరిహద్దులో, రోడియో అనే చిన్న ఊరి సమీపంలోని ఎడారి నేల. 1985లో ఆమె అక్కడ చీమలను పరిశీలించడం మొదలుపెట్టారు. గింజలు ఏరుకొచ్చి పుట్టలో దాచుకొనే ఒక జాతి ఎర్రచీమలు అవి. దాదాపు 300 పుట్టలు. ప్రతి వేసవిలోనూ వెళ్ళి, నిరుడు ఉన్న పుట్టల్లో ఏవి బతికి ఉన్నాయి, ఏవి చచ్చిపోయాయి, కొత్తగా ఎన్ని పుట్టాయి అని జనాభా లెక్కల గుమాస్తా వలె రాసుకోవడం ఆమె పద్ధతి. ఒకటి రెండేళ్ళు కాదు, దశాబ్దాల పాటు సాగిన లెక్క అది. ఏ పుట్ట వయసెంతో ఆమెకు తెలుసు. ఈ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఆమె కనిపెట్టిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచినది ఈ ఓపిక లేకపోతే బయటపడేదే కాదు. దాని సంగతి తరువాత చెబుతాను.

పుట్టలో రాణి ఉంటుంది. ఈ 'రాణి' అన్న మాట పెట్టినవారెవరో గాని మనల్ని పెద్ద పొరపాటులోకి దింపారు. ఆమె ఏలేది ఏమీ లేదు. రెక్కలతో ఎగిరిన ఒకేఒక్క రోజున మగచీమలతో కలుస్తుంది, నేలకు దిగి, రెక్కలు రాల్చుకొని, గుంత తవ్వుకొని లోపలికి పోతుంది. ఆ తరువాత పదిహేను, ఇరవై ఏళ్ళు, అంతకు మించి కూడా ఆ చీకటిలో గుడ్లు పెడుతూ ఉంటుంది. పైన ఎండలో ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు, తెలిసినా చెప్పేందుకు దారి లేదు. ఆమె చుట్టూ పదివేల దాకా పనిచీమలు. అన్నీ ఆమె కూతుళ్ళే, అన్నీ గొడ్రాళ్ళే. ఒక్కొక్కటి బతికేది ఏడాది పాటు.

ఈ కూతుళ్ళు పుట్ట బయట చేసే పనులను గోర్డన్ నాలుగుగా విడదీశారు. తెల్లవారగానే బయటికి వచ్చి పరిసరాలు చూసివచ్చే గస్తీ కొందరిది. గింజల కోసం మేతకు పోవడం కొందరిది. పుట్టలోని మన్ను బయటికి మోసి పారబోసే మరమ్మతు కొందరిది. చెత్తకుప్ప సర్దేవారు ఇంకొందరు. బయట పనిచేసేవి అన్నీ కలిపినా మొత్తంలో నాలుగో వంతే. మిగిలినవాటిలో పిల్లలను సాకేవి, గింజలు సర్దేవి కొన్ని ఉంటాయి. తక్కినవి చాలావరకు ఊరకే ఉంటాయి. అవును, ఊరకే. చీమను చూసి శ్రమించడం నేర్చుకోమని మనకు చెప్పిన పంతుళ్ళెవరూ పుట్ట తవ్వి చూసినట్టు లేదు.

ఆమె చేసిన ప్రయోగం ఒకటి ఎంత సులువైనదో చెబితే నవ్వొస్తుంది. హోటల్లో భోజనం తరువాత మనం వాడే టూత్‌పిక్‌లను పుట్ట ముఖద్వారం దగ్గర కుప్ప పోశారు. మరమ్మతు చీమలు వచ్చి ఒక్కొక్క పుల్లనే మోసుకుపోసాగాయి. ఆ పని పెరిగినకొద్దీ దానికి వచ్చే చీమలూ పెరిగాయి. చిత్రమేమిటంటే, మేతకు పోయే చీమల సంఖ్య తగ్గింది. వాటి దారికి ఎవరూ అడ్డం పెట్టలేదు, వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఒక పనిలో కదలిక వస్తే రెండో పనిలోకి ఆ సంగతి ఎలాగో పాకింది. అక్కడ మేస్త్రీ లేడు, హాజరుపట్టీ లేదు. చీమల ఒంటిమీద పనికొక రంగు చుక్క పెట్టి ఆమె గమనించినప్పుడు ఇంకొక సంగతి బయటపడింది. మరమ్మతు చేసేదీ గస్తీ తిరిగేదీ, మేత ఎక్కువగా ఉన్న రోజున మేతకు మారిపోతాయి. మేతకు పోయింది మాత్రం మళ్ళీ వెనకటి పనికి రాదు. మరి మరమ్మతుకు మనుషులు చాలకపోతే? లోపల ఊరకే ఉన్న చిన్నవయసు చీమలు కొత్తగా పైకి వస్తాయి.

ఇది చదువుతున్న వేళకు ఆసుపత్రిలో నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. వచ్చిన రెండో రోజునే ఒక పట్టిక తయారుచేశాను. నిలువు గళ్ళలో రోజులు, అడ్డ గళ్ళలో పూటలు, గడికొక పేరు. అన్నయ్య, నేను, చెల్లెలు, బావగారు, మేనత్త కొడుకు, పిన్ని. తెనాలి నుంచి గుంటూరుకు క్యారియరు ఎవరు తేవాలో, మందులు ఎవరు కొనాలో, రాత్రి ఎవరు పడుకోవాలో అన్నీ అందులో ఉన్నాయి. నాలుగు ప్రతులు తీయించి, ఒకటి ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఆ గళ్ళలోకి ఎక్కనివాడు మా చిన్నాన్న ఒక్కడే. ఆయన పొద్దున్నే వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంటాడు, పేపరు చదువుతాడు, కునుకు తీస్తాడు. ఆయనకు ఏ పని చెప్పాలో నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే కొంచెం విసుగు కూడా.

మూడో రోజుకల్లా పట్టిక చెల్లలేదు. ఎవరూ దాన్ని ధిక్కరించలేదు, ఎవరూ చూడలేదు, అంతే. అయినా నాన్నగారి మంచం పక్క ఏ పూటా ఖాళీగా లేదు, ఏ పూటా క్యారియరు తప్పలేదు. ఎలా జరుగుతోందా అని గమనించాను. (ఇంతకన్నా చేసే పని కూడా లేదు.) గుంటూరు నుంచి తిరిగొచ్చినవారు వసారాలో చెప్పులు విడుస్తూ రెండు మాటలు చెబుతారు. వినేది ఎవరైనా కావచ్చు, పక్కింటి మామ్మగారైనా సరే. ఖాళీ క్యారియరు గట్టుమీద పెడతారు. దాన్ని చూసిన చేతులు కడుగుతాయి, కడిగినదాన్ని చూసిన చేతులు నింపుతాయి. మధ్యాహ్నం దాకా ఎవరూ తిరిగిరాలేదంటే అక్కడ ఒక్కరే చిక్కుకుపోయారని గ్రహించి ఇంకొకరు బస్సెక్కుతారు. ఆజ్ఞాపించవలసిన మనిషి మాట పోయి మంచంమీద ఉన్నారు. ఆజ్ఞాపించబోయిన నా మాట ఎవరికీ అక్కరలేదు.

గోర్డన్ చీమలు మాట్లాడుకొనేదీ దాదాపు ఇలాగే. చీమకు చూపు బహు తక్కువ. ఎదురైనదాన్ని తలమీది మీసాలతో, పాఠ్యపుస్తకాల భాషలో స్పర్శశృంగాలతో, తాకి వాసన పట్టుకుంటుంది. చీమ ఒంటిమీద హైడ్రోకార్బన్ల సన్నని పూత ఉంటుంది. ఎండలో ఎక్కువసేపు తిరిగే చీమకు ఆ పూత మారుతుంది, కనుక గస్తీ చీమ వాసన వేరు, మరమ్మతు చీమ వాసన వేరు. అయితే ఆ తాకిడిలో 'వెళ్ళు' అన్న ఆజ్ఞ ఏదీ లేదు. ఎవరు ఎదురయ్యారన్నది, ఎంత తరచుగా ఎదురయ్యారన్నది, ఇవి రెండే. పొద్దున గస్తీ చీమలు తిరిగిరాకుండా ఆపితే మేతచీమలు గడప దాటవు. మైకేల్ గ్రీన్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆమె ఇంకొక అడుగు వేశారు. గస్తీ చీమల ఒంటిపూతను తీసి చిన్న చిన్న గాజుపూసలకు పట్టించి, వాటిని ఒకదాని తరువాత ఒకటిగా పుట్టలోకి జారవిడిచారు. 2003లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఆ వ్యాసం చెప్పేదేమిటంటే, చీమలు ఆ పూసలను నమ్మి మేతకు బయలుదేరాయి! కాళ్ళు లేవు, తల లేదు, ప్రాణం లేదు. సరైన వాసన, సరైన ఎడం ఉంటే చాలు. మేతకు పోయిన చీమలు గింజలతో త్వరత్వరగా తిరిగొస్తున్నాయంటే బయట తిండి సమృద్ధిగా ఉన్నట్టు, అప్పుడు లోపలివి ఎక్కువగా బయలుదేరుతాయి. రాక మందగిస్తే పోక కూడా మందగిస్తుంది. మా ఇంట్లో జరిగింది దీనికి తలకిందులని తెలుసు. మావాళ్ళు తిరిగిరాకపోతే బయలుదేరేవారు. పోలికలు అంతవరకే. (2012లో స్టాన్‌ఫర్డ్‌లోనే కంప్యూటరు శాస్త్రం చెప్పే బాలాజీ ప్రభాకర్‌తో కలిసి ఆమె ప్రచురించిన పరిశోధనలో ఈ పద్ధతికీ, ఇంటర్నెట్టులో సమాచారపు పొట్లాల రద్దీని అదుపు చేసే పద్ధతికీ దగ్గరి పోలిక కనిపించింది. మనుషులు కూర్చొని ఆలోచించి కనిపెట్టినదాన్ని చీమలు కూర్చోకుండానే కనిపెట్టాయి.)

ఇక్కడ ఒక పాత కథ చెప్పక తప్పదు. 1958లో ఎడ్వర్డ్ విల్సన్, చీమల శాస్త్రానికి భీష్ముడి వంటివాడు, సహచరులతో కలిసి ఒక సంగతి వెల్లడించాడు. చచ్చిన చీమను మిగతావి చెత్తకుప్పకు మోసుకుపోవడానికి కారణం ఓలియిక్ ఆమ్లమనే వాసన. బతికున్న చీమకు దాన్ని పూస్తే, కాళ్ళు కొట్టుకుంటున్నా వినకుండా మోసుకుపోయి కుప్పమీద పడేశాయి. ఒళ్ళు శుభ్రం చేసుకొనేదాకా అది శవమే. ఎంత చక్కని ఆజ్ఞ! వాసన తగిలింది, పని జరిగింది. నా ఉద్యోగానికి ఇంతకంటే నచ్చే చీమ ఉండదు. కాని 1983లో గోర్డన్, అప్పటికి ఇంకా చిన్నవయసు పరిశోధకురాలు, ఆ ఆమ్లాన్నే కాగితపు ముక్కలకు పూసి పెట్టారు. చీమలు చెత్త సర్దే వేళ అయితే ఆ ముక్కలను కుప్పకు మోశాయి. మేత వేళ అయితే వాటినే తిండిగా భావించి పుట్టలోకి మోశాయి. వాసన ఒక్కటే. చుట్టూ ఉన్నవారు ఏం చేస్తున్నారన్నదానిబట్టి దాని అర్థం మారింది.

ఇంత చదివి, ఆజ్ఞల వ్యర్థత్వం గురించి మనసులో ఒక చిన్న ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. అందులో నాన్నగారి మీద నాకు తెలియకుండానే చాలా ఏళ్ళ కక్ష ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మూడు గంటల మోతకు పరుగెత్తి వచ్చి వరసగా నిలబడిన పిల్లవాడు గెలిచినట్టు లోపలెక్కడో సంతోషించాడు.

పన్నెండో రోజు రాత్రి ఆ సంతోషం దిగిపోయింది. తొలినాటి నా పట్టిక ప్రకారం ఆ రాత్రి నాది. పట్టిక పోయింది కదా, ఎవరో ఒకరు ఉంటారన్న ధీమాతో తెనాలిలో పడుకుని నిద్రపోయాను. అన్నయ్య నేనున్నానని అనుకున్నాడు. మేనత్త కొడుకు అన్నయ్య ఉన్నాడని అనుకున్నాడు. తెల్లవారి ఐదింటికి మెలకువ వచ్చి, ఇంట్లో అందరం ఉన్నామని లెక్క తేలినప్పుడు గుండె జారిపోయింది. మొదటి బస్సు పట్టుకుని వెళ్ళేసరికి నాన్నగారి మంచం పక్కన చిన్నాన్న కూర్చుని ఉన్నాడు. రాత్రి రెండింటికి ఆయాసం వచ్చిందట. నర్సును పిలుచుకొచ్చి, డాక్టరు వచ్చేదాకా పట్టుకుని కూర్చున్నది చిన్నాన్నే. "మీరెవరూ రాలేదురా, అందుకని లోపలికొచ్చాను" అన్నాడు, పేపరు మడత పెట్టుకుంటూ. నన్ను ఒక్క మాట అనలేదు.

చీమల్లో ఇటువంటి రాత్రులు ఉండవా అంటే ఉంటాయి. గోర్డన్ చీమలను పొగిడే మనిషి కాదు. ఒక్కొక్క చీమ ఎంత మందమతో, గింజ అనుకొని రాయిని ఎలా మోస్తుందో దాపరికం లేకుండా రాస్తారు. వాటిని చూసి మనుషులు బుద్ధి తెచ్చుకోవాలన్న ధోరణి ఆమెకు గిట్టదు కూడా. ఇంత తెలిసీ నేనిది రాస్తున్నాను.

నాన్నగారు ఇరవైమూడు రోజుల తరువాత ఇంటికి వచ్చారు. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. పిలవడానికి వీలుగా అమ్మ ఇత్తడి గంటను ఎడమచేతి దగ్గర పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. కాఫీ వేళకు కాఫీ వచ్చేది, రేడియో వేళకు ఎవరో ఒకరు రేడియో పెట్టేవారు. అంతా ఆయన నడిపినట్టే నడుస్తోంది, ఆయన లేకుండా. ఆయన కళ్ళు దీన్ని గమనిస్తున్నాయని, గమనించి నొచ్చుకుంటున్నాయని నాకు ఆలస్యంగా అర్థమైంది. నాకు వేడుకగా కనిపించినది ఆయనకు తీసివేత.

పుట్టల వయసు గురించి తరువాత చెబుతానన్నది ఇదే. టూత్‌పిక్‌ల వంటి అలజడులు రెండేళ్ళ పుట్టకూ, అయిదేళ్ళు దాటిన పుట్టకూ కలిగిస్తే రెండూ ఒకేలా స్పందించలేదు. చిన్న పుట్ట ఒక వారం ఒకలా, ఇంకొక వారం ఇంకొకలా తడబడింది. పెద్ద పుట్ట ప్రతిసారీ ఒకే తీరుగా సర్దుకుంది. అలజడి పెరిగినకొద్దీ అలజడే లేనంత నిమ్మళంగా మేత పనిలో నిమగ్నమైంది. ఆలోచించండి, పెద్ద పుట్టలోనైనా చిన్న పుట్టలోనైనా చీమల వయసు ఏడాదికి మించదు. అయిదేళ్ళ కిందటి చీమ ఒక్కటి కూడా లేదు. ముసలిచీమలు పిల్లచీమలకు చెప్పుకున్న అనుభవం కాదది. పెద్ద పుట్టలో జనం ఎక్కువ, ఎదురుపడటాలు ఎక్కువ, అందుకే ఆ నిలకడ కావచ్చునని ఆమె అంటారు.

ఇది చదివాక నా ఉపన్యాసం నాకే సందేహంగా మారింది. మా ఇల్లు ఆజ్ఞ లేకుండా నడిచిందా? లేక నలభై ఏళ్ళ గంట మోతలు మా నడకలోకి ఇంకిపోయి, ఇక మోగనవసరం లేకపోయిందా? రాణిచీమ ఏనాడూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, నిజమే. నాన్నగారు చెప్పారు. ఈ రెంటినీ ఒక గాటన కట్టడం నా వల్ల కాలేదు, ఇప్పటికీ కాదు.

ఆ శ్రావణంలో ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చొని చీమల కథంతా తెలుగులో చెప్పాను. పాఠం అప్పగించినట్టే చెప్పాను. టూత్‌పిక్‌లు, గాజుపూసలు, గడప దాటని మేతచీమలు. శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఒకచోట కనుబొమ్మ ఎగరేశారు, అంటే ఇంకొకసారి చెప్పమని. అయ్యాక ఎడమచేత్తో పలక అందుకుని, ఒకటో తరగతి పిల్లవాడి అక్షరాలతో రాశారు: "మరి రాణి?"

ఆమెకు పైన జరిగేదేమీ తెలియదని, ఎవరూ ఆమెను అడగరని, అయినా కడదాకా కనిపెట్టుకొని ఉంటారని చెప్పాను.

చాలాసేపు పలక వంక చూశారు. తరువాత మణికట్టుతో తుడిచి, "పాపం" అని రాశారు. నోరు ఒక పక్కే నవ్వింది. ఆ పైన గంట మీద చెయ్యి వేసి, మెల్లగా ఒక్కసారి కొట్టారు.

లోపలి నుంచి కాఫీతో అమ్మ వచ్చింది.